ఎర్ర టువాలు ఒక్కటే రంగులో

ఇంకు ప్రింటరు కనిపెట్టిన మహానుభావుడు ఎప్పుడైనా ఆదోనికి వస్తే మా షాపులో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక్క మాట అడగాలని ఉంది. అయ్యా, ఫొటో అంతా నలుపు తెలుపులో ఉంచి ఒక్క చోట మాత్రం రంగు వెయ్యమంటే నీ యంత్రానికి అంత ఏడుపెందుకు? మొత్తం రంగులో తియ్యమంటే తీస్తుంది. మొత్తం నలుపులో తియ్యమన్నా తీస్తుంది. రెండూ కలిపి అడిగితే మాత్రం ముఖం మాడ్చుకుంటుంది. దాని పుణ్యమా అని పది రోజులు నాకు తిండి సయించలేదు. ఇంట్లో ఎవరికీ నాతో పడలేదు.

నేను ఫొటో స్టూడియో పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళిళ్ళు తీస్తాను, పాస్‌పోర్టు సైజులు తీస్తాను, పోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టిస్తాను. ఈ మధ్య పెళ్ళి ఆల్బముల్లో ఒక పిచ్చి పట్టుకుంది. పేజీ అంతా నలుపు తెలుపు, పెళ్ళికూతురి చీర ఒక్కటే ఎర్రగా. లేదా చేతిలో పూలచెండు ఒక్కటే పసుపుపచ్చగా. కంప్యూటరులో ఆ పని పెద్ద విద్యేమీ కాదు. మౌసు పట్టుకుని చీర అంచుల చుట్టూ ఓపిగ్గా తిప్పితే చాలు. ఆల్బములన్నీ పెద్ద ఊరి ల్యాబుకు పంపిస్తాం కాబట్టి ప్రింటు సంగతి వాళ్ళ తలనొప్పి. నా దగ్గరున్న ప్రింటరు మీద అలాంటి ఫొటో తియ్యాల్సిన అవసరం అంతకుముందు రాలేదు.

పెద్దల అమావాస్య ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున ఒకామె వచ్చింది. హాలహర్వి అవతల, కర్ణాటకకు ఆనుకుని ఉన్న పల్లె. కూలి పనులు చేసుకునే మనిషి, నలభై ఏళ్ళుంటాయేమో. చేతుల నిండా ఆకుపచ్చ మట్టిగాజులు, నుదుట రూపాయి కాసంత బొట్టు. ప్లాస్టిక్ కవరులో నుంచి ఒక చిన్న ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఎమ్మిగనూరు జాతరలో గుడారం కింద తీసిన ఫొటో. వెనక కొండలూ హంసలూ గీసిన పరదా. ముందు ఆమె, పక్కన భుజం మీద ఎర్ర టువాలు వేసుకున్న మొగుడు. రంగులు వెలిసిపోయి ఉన్నాయి.

"అన్నా, ఈయప్పను ఒక్కన్నే పెద్దగ సేసియ్యల్ల. అంతా నలుపు తెలుపే ఉండల్ల. టువాలు మాత్రం ఎర్రగుండల్ల. మా అక్క కూతురు పెండ్లి ఆల్బంలో సీర అట్ల సేసింది నువ్వేనంట గదా," అంది.

నలుపు తెలుపు అనగానే నేను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను. "ఎప్పుడు పోయినాడమ్మా?"

"పోయినాడని ఎవురు సెప్పినారు నీకు?" అంది. గట్టిగానే అంది.

తర్వాత స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. మా పడమటి పల్లెల్లో వాన ఎగ్గొట్టిన ఏడాది ఇళ్ళకు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఏడేళ్ళ కిందట ఆయన ఊళ్ళో పదిమందితో కలిసి సుగ్గికి పోయాడు. అత్తకు కాలు విరిగి ఉండడంతో ఆ ఏడు ఈమె పోలేదు. పదిమందీ తిరిగొచ్చారు, ఆయన రాలేదు. ఇంకోచోట పని ఉంది, వారం ఉండి వస్తానన్నాడట. కొన్నాళ్ళకు ఫోను మోగడం మానేసింది. కంప్లయింటు ఇచ్చారు, తిరిగారు, అడగని మనిషి లేడు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

ఇప్పుడు అత్త పట్టుబట్టింది. పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళ ఫొటోలు తుడిచి వరసగా పెట్టి, దండలు వేసి, కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకు ఇష్టమైనవి వండి వడ్డిస్తారు. ఏడేళ్ళుగా నా పెద్ద కొడుక్కు ఎవరూ ఒక ముద్ద పెట్టలేదు, ఈసారి వాడి ఫొటో వరసలో ఉండాల్సిందేనని ముసలామె ఏడుపట.

"వరసలో పెడితే దండేస్తారన్నా. దండేస్తే నా గాజులు పగలగొడతారు, బొట్టు తుడుస్తారు. సచ్చినాడని ఒక్కరన్నా సూసినారా? నేనేంటికి తుడుసుకోవల్ల?" అంది. "గలాటా పడి పడి ఆఖరికి మా మరిది ఒక మాటకొచ్చినాడు. ఫొటో అందరి మాదిరి నలుపు తెలుపులోనే వరసలో పెడతారు, దండెయ్యరు. టువాలు రంగులో ఉంటే అది సచ్చినోళ్ళ ఫొటో కాదని సూసినోళ్ళకు తెలుస్తాది గదా. అంతవరకు నా గాజుల జోలికి ఎవురూ రారు."

"అదెంత పనమ్మా, మూడు దినాల్లో ఇస్తా పో," అన్నాను. నా నోరే నాకు శత్రువు. చిన్నప్పటి నుంచీ ఇంతే.

ఆమె వెళ్ళాక ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించి, ఆయన మోచేతి మీద ఉన్న ఆమె చెయ్యి చెరిపేసి, మనిషిని విడదీశాను. వెలిసి నారింజ రంగుకు తిరిగిన టువాలును మళ్ళీ ఎర్రగా చేశాను. తెర మీద చూస్తే ఎంత బాగుందో! చుట్టూ బూడిద రంగు, మధ్యలో ఎర్రటి టువాలు. నా వీపు నేనే తట్టుకున్నాను.

ఇక్కడ నా వెధవ అలవాటొకటి చెప్పాలి. మా వైపు బతికున్నవాళ్ళెవరూ పూర్తి నలుపు తెలుపు ఫొటో అడగరు. కలరు ఫొటో తెచ్చిచ్చి కూడా, పోయినాడు గదా, నలుపు తెలుపు చెయ్యి అంటారు. రంగు బతికున్నవాళ్ళకే. అందుకని మా స్టూడియోలవాళ్ళం కంప్యూటరులో ఒక ఫ్రేము తయారుగా పెట్టుకుంటాం. చుట్టూ బంతిపూల దండ, కింద రెండు దీపాలు, వాటి మధ్య జననం, మరణం అని రాసి పక్కన ఖాళీ. ముఖాన్ని తెచ్చి అందులో పడేస్తే పని అయిపోతుంది. ఏళ్ళ తరబడి చేసిన పనినే నా చెయ్యి ఆ రోజూ చేసింది. నా చూపంతా టువాలు ఎరుపు సరిగ్గా వస్తుందా లేదా అన్నదాని మీదే ఉంది. ప్రింటు కొట్టాను.

కాగితం బయటికి వచ్చింది. టువాలు ఎర్రగానే ఉంది. ముఖం మాత్రం పచ్చగా ఉంది. మామూలు పచ్చ కాదు, నాచు పట్టిన బండలా. దీని దుంపతెగ అనుకుని ఇంకోటి తీశాను, అదీ అంతే. మూడు రోజులు షాపు పనుల మధ్య ఇంకు చిమ్మే నాజిళ్ళు శుభ్రం చెయ్యమని యంత్రానికి ఆజ్ఞలివ్వడం, అది గరగరమని నా ఇంకంతా తాగడం, మళ్ళీ పచ్చటి మనిషిని కక్కడం. మూడో రోజు మధ్యాహ్నం ఆ పచ్చ ముఖాన్ని బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ తిట్టుకుంటుంటే ఆమె లోపలికొచ్చింది.

ఫొటో వైపు చూసింది. ఆమెకు చదువు రాదు, మరణం అన్న మాట చదవలేదు. కానీ బంతిపూల దండ చూసింది. పైగా ఆ దండ ఎంత పసుపుగా వచ్చిందంటే, అప్పుడే కోసి గుచ్చినట్టుంది. అప్పటిదాకా నేను దాన్ని చూడనే లేదు. ముఖం పచ్చదనం గొడవలో పడి మూడు రోజులుగా ఒక మనిషి మెడలో దండ వేసి ప్రింటు మీద ప్రింటు తీస్తున్నాను.

"దండేసినావు," అంది.

రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది. గాజులు కనిపించకుండా దాచుకుంది.

"ఇది ట్రయలమ్మా, ఊరికే," అన్నాను. ఫొటోను బోర్లా తిప్పాను.

"ఊరికేనా? ఏడేండ్లుగా మా ఊర్లో ఎవురికీ దండెయ్యను సేత కాల్యా. నువ్వు మూడు దినాల్ల ఏసేసినావు గదన్నా."

అమావాస్య ముందురోజు రమ్మన్నాను. దండ ఉండదు, దీపాలుండవు, టువాలు తప్ప ఇంకే రంగూ ఉండదు, నా పిల్లల మీద ఒట్టు అన్నాను. ఆమె గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మా ఇల్లు షాపు వెనకే. మా ఆవిడ అంతా విన్నది. "మూడు దినాలుగా మిషన్ సరిగ్గ తీయల్యా అని అరుస్తాండావు. దండేసింది కూడా మిషనేనా?" అంది. పుండు మీద కారం చల్లడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. నేను నోరు మూసుకుని ఆ ఫ్రేమును కంప్యూటరులో నుంచి పీకేశాను. సిగ్గు వేసింది. ఆ సిగ్గంతా కోపమై ప్రింటరు మీదికి మళ్ళింది.

అప్పుడు నాకు అసలు గొడవ అర్థమైంది. మొత్తం నలుపు తెలుపు ఫొటో అయితే నల్ల ఇంకు ఒక్కటే వాడమని చెప్పవచ్చు. ముఖం శుభ్రంగా వస్తుంది. ఎక్కడైనా ఒక్క చుక్క రంగు కావాలన్నామంటే రంగు ఇంకులన్నీ తెరవాలి. తెరిస్తే అది బూడిద రంగును కూడా నీలం, గులాబి, పసుపు కలిపి తయారుచేస్తుంది. ఆ కలపడంలో ఒకటి పిసరంత ఎక్కువైనా ముఖానికి ఆ రంగు అంటుకుంటుంది. అంటే టువాలు ఎర్రగా ఉండాలంటే ముఖం పాడవ్వాలి. ముఖం బాగుండాలంటే టువాలు రంగు పోవాలి. ఇదెక్కడి న్యాయం?

సరే, నువ్వు నన్ను మోసం చేస్తే నేను నిన్ను మోసం చేస్తాను అనుకున్నాను. మొదట నల్ల ఇంకుతో మనిషిని తీసి, అదే కాగితాన్ని మళ్ళీ లోపలికి పంపి, రెండోసారి ఎర్ర టువాలు ఒక్కటే తీశాను. తెలివంటే ఇదీ అని మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. రెండోసారి కాగితం ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగింది. టువాలు భుజం మీద కాకుండా గాలిలో తేలుతోంది. ఇంకో నాలుగు కాగితాలు తగలేశాను. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, ఒకసారి ఏకంగా మెడ మీదికి. మెడ మీద ఎర్రగా పడినదాన్ని చూసి మా ఆవిడ "అయ్యో, అది తీసెయ్యబ్బా" అని ముఖం తిప్పుకుంది.

తర్వాత పచ్చదనం తగ్గించడానికి గులాబి పెంచాను. కాస్త పెంచాను, చాలలేదు. ఇంకాస్త పెంచాను. ఈసారి ముఖమంతా ఎరుపు తిరిగింది. కల్లు తాగి ఎండలో నడిచొచ్చిన మనిషిలా ఉన్నాడు. ట్యూబులైటు కింద ఒక రకంగా, గుమ్మంలో ఎండకు పెడితే ఇంకో రకంగా. లోపలికీ బయటికీ తిరగలేక నా మోకాళ్ళు అరిగిపోయాయి. దాన్ని అట్టపెట్టెలోకి గిరాటేశాను. పాస్‌పోర్టు ఫొటోకని వచ్చిన ఒక పెద్దాయన నా వాలకం చూసి, రేపొస్తాలేప్పా అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యలోనే ఒకరోజు ఆమె మరిది ఒక్కడే వచ్చాడు. పత్తి మార్కెట్టుకు వచ్చి, పనిలో పని అయిందేమో కనుక్కుందామని ఆగాడు. దండ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. ఆమె చెప్పలేదన్నమాట. నేను ఎదురుగా కూర్చున్న మనిషిని చూశాను. ఫొటోలోని ముఖమే, కాస్త చిన్నది. వదిన గాజులు పగలగొట్టడానికి సిద్ధంగా ఉన్న దుర్మార్గుడని నేను మనసులో ఒక బొమ్మ వేసుకుని ఉన్నాను. అతను మాత్రం కుర్చీ అంచున కూర్చుని, చెప్పులు బయటే విడిచి, ఎంతో వినయంగా ఉన్నాడు.

"వదినకు నా మింద కోపమన్నా. ఉండనీ. బతికుంటే వస్తాడు మాయన్న. వచ్చి నన్ను సెప్పు తీసుకుని కొట్టనీ, నేనే వీపు సూపిస్తా. సచ్చిపోయింటే? యాడ పడి సచ్చినాడో, ఎవురు కాల్చినారో, కాల్సలేదో. ఏడాదికొక దినం వానికి కూడు పెట్టద్దా? మా యమ్మ ముద్ద నోట్ల పెట్టుకున్నప్పుడల్లా అదే మాట. నేను ఎవురి పక్క మాట్లాడల్ల సెప్పు?"

ఏం చెప్పను? నాకేం తెలుసు? నేను ఫొటోలు తీసేవాణ్ణి. "నా తిప్పలు నావప్పా, నన్నడగద్దు," అన్నాను. విసుక్కున్నట్టే అన్నాను. ఆ రోజంతా మనసులో అదే మెదిలింది. ఆమె చెప్పిందీ నిజమే, ఇతను చెప్పిందీ నిజమే. అటో ఇటో తేల్చుకోలేక నేను మళ్ళీ యంత్రం మీదే పడ్డాను. బూడిద రంగు ఒక్కటి సరిగ్గా వస్తే చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారనుకున్నాను.

అమావాస్య ఇంకా మూడు రోజులుందనగా ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ నాకంటే పదేళ్ళు పెద్దవాడు, డార్కురూములో చేతులు నానబెట్టి పని నేర్చుకున్నవాడు ఒక స్టూడియో నడుపుతున్నాడు. పని నేర్చుకునే రోజుల నుంచీ నాకు అన్నే. మగ్గాల వీధిలో నుంచి నడిచి అతని షాపు చేరేసరికి చొక్కా తడిసిపోయింది. చంకలో ఒక డజను చెడిపోయిన ప్రింట్లు. వాటిని కౌంటరు మీద పరిచాను. అతను కళ్ళద్దాలు నుదుటికెక్కించి ఒక్కొక్కటే ఎత్తి చూసి, పడీ పడీ నవ్వాడు.

"ఏందిరా ఇది? మనిషా, ఊసరవెల్లా?"

"నవ్వు నవ్వు. నీకేం పోతాది," అన్నాను. నిజంగానే ఏడుపొచ్చేలా ఉంది.

"నువ్వు పోసేది ఇంకేనా, రంగు నీళ్ళా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. సీసాల్లో దొరికే డూప్లికేటు ఇంకే పోస్తాను. "మిషన్‌లో పెట్టిన కాగితం ఒకటి, మిషన్‌కు నువ్వు సెప్పే కాగితం ఇంకొకటి. అది నీ మాట నమ్మి ఇంకు వదుల్తాంది. పాపం దాన్ని తిడ్తే ఏమొస్తాది?"

ఏళ్ళుగా నా కాగితం పేరు ప్రింటరు సెట్టింగులో సరిగ్గా పెట్టనే లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. ఎవరి తప్పో తెలిశాక కోపం తగ్గాలి కదా, నాకు ఇంకా పెరిగింది. కంపెనీవాళ్ళ ఇంకు సీసాలు అతనే ఇప్పించాడు. తర్వాత డార్కురూము రోజుల్లో తను తీసిన పాత ఫొటో ఒకటి నా చేతిలో పెట్టాడు, పాత మగ్గం ముందు కూర్చున్న ఎవరో ముసలాయనది. "బూడిద రంగంటే ఇదిరా. పక్కన పెట్టుకో. బూడిద రంగుతో చిన్న చిన్న గళ్ళు ఒక ముప్పై ప్రింటు తీయి, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు పిసరు తగ్గించు. ఏ గడి దీని పక్కన పెడితే కలిసిపోతాదో సూడు. గుమ్మంలో సూడు, లైటు కింద గూడ సూడు."

మరుసటి రోజంతా గళ్ళతోనే గడిచింది. ముప్పై గళ్ళు, మళ్ళీ ముప్పై. గడి గడికీ నంబరు వేసుకుని, కత్తిరించి, పాత ఫొటో మీద పెట్టి, గుమ్మంలోకీ లోపలికీ తిరిగాను. కళ్ళు మంటలెత్తాయి. భోజనానికి పిలిస్తే కసిరాను. సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే ఒక గడి పాత ఫొటోలో కలిసిపోయింది. ఎండలోనూ కలిసింది, లైటు కిందా కలిసింది. ఆ లెక్కతో మనిషిని తీశాను.

చెప్పుకోకూడదు గానీ, అంత మంచి ప్రింటు నా చేతి మీద అంతకుముందు రాలేదు. ముఖంలో పిసరు పచ్చ లేదు, పిసరు ఎరుపు లేదు. జుట్టులో నలుపు, కణతల దగ్గర తెలుపు, మధ్యలో బూడిద రంగు మెట్లు మెట్లుగా దిగుతోంది. భుజం మీద ఎర్ర టువాలు అలాగే నిలిచింది. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఆఁ, ఇప్పుడు బాగుంది," అంది. ఆమె నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. ఫ్రేము కట్టకుండా అట్ట మీద పెట్టి ఆరబెట్టాను.

అమావాస్య ముందురోజు పొద్దునే వదినా మరుదులిద్దరూ వచ్చారు. వాకిట్లో ఆటో ఆపి ఉంచారు. లోపల కొత్త బట్టల మూటలు, కూరగాయల సంచులు. నేను ఫొటోను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద నిలబెట్టాను. మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను, నిజం దాచడమెందుకు?

మరిది ముందుకు వంగి చూశాడు. అతని కళ్ళు తడయ్యాయి. "అచ్చం మా నాయన ఫొటో మాదిరే ఉండాది. దాని పక్కన పెడితే జత కుదురుతాది," అన్నాడు.

ఆమె దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసింది. వేలితో టువాలును తాకింది. తర్వాత ముఖం మీదికి వేలు పోనిచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకుంది.

"ఏమ్మా? దండ లేదు, దీపాలు లేవు. సెప్పినట్టే సేసినా," అన్నాను.

"సేసినావు. టువాలు బాగుంది," అంది. "మనిషి పోయినాడు."

నాకు అర్థం కాలేదు. "ఏరేది ల్యాదా అన్నా?" అంది. లేదు, మిగతావన్నీ చెడిపోయాయన్నాను. అయినా చూపించమంది. మనుషుల ముఖాలున్న కాగితాలు రోడ్డు మీద పారెయ్యడం నాకిష్టముండదు, ఎక్కడివక్కడ అట్టపెట్టెలో వేసి ఉంచుతాను. పెట్టె తెచ్చి విసురుగా ఆమె ముందు పెట్టాను. నేల మీద కూర్చుని ఒక్కొక్కటే తీసింది. పచ్చవి పక్కన పెట్టింది. టువాలు మెడ మీద పడినదాన్ని గబుక్కున బోర్లించింది. అడుగున ఉన్న గులాబి ముఖాన్ని బయటికి తీసి, గుమ్మంలో వెలుతురుకు పట్టుకుంది.

"ఇది," అంది.

"అమ్మా, అది చెడిపోయిందమ్మా! రంగు ఎక్కువైంది. ముఖమంతా ఎర్రగా అయింది సూడు!" నా గొంతు పెరిగింది. పది రోజుల కష్టం, ఎమ్మిగనూరు ప్రయాణం, అరవై గళ్ళు, మండే కళ్ళు. ఇవన్నీ ఆ ఒక్క కేకలో బయటికొచ్చాయి. "నేను దీనికోసమా ఇన్ని దినాలు సచ్చింది?"

"ముఖంలో రగతముందన్నా," అంది. నా కేకకు ఆమె బెదరలేదు. "దీంట్లో ఉండాడు ఆయప్ప. ఎండలో పనికి పోయొస్తే ఇట్లే ఉంటుండె. దీనికి ఎవురూ దండెయ్యలేరు. దాన్ని సూస్తే," అని బల్ల మీది ఫొటో వైపు చూడకుండా చెయ్యి చూపించింది, "నాకే ఎయ్యాలనిపిస్తాంది."

మరిది వదిన వైపు చూశాడు, నా వైపు చూశాడు. "తీసుకోనీలేన్నా," అన్నాడు మెల్లగా. ఆమె ఆ చెడిపోయిన ప్రింటును కొంగుతో తుడిచి, కవరులో పెట్టుకుని, ఆటో దగ్గరికి వెళ్ళింది. మెట్టు దిగుతుంటే గాజుల చప్పుడు వినిపించింది. నేను నా మంచి ప్రింటును చూస్తూ నిలబడ్డాను. ఎంత బాగా చేస్తే అంతగా ఆ మనిషిని చంపానన్నమాట. ఆ రోజు దండ పొరపాటున వేశాను, ఈసారి దండ లేకుండానే అదే పని చేశాను, అదీ కష్టపడి, ఊళ్ళు తిరిగి నేర్చుకుని మరీ చేశాను.

అంతలో మరిది మళ్ళీ లోపలికొచ్చాడు. ఆటో వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించాడు.

"అన్నా, అదీ ఇయ్యి. కాగితంలో సుట్టియ్యి, వదినకు తెలీకుండ నా దగ్గర పెట్టుకుంటా. నేడు కాకుంటే రేపు, ఎప్పుడో ఒకనాడు కావల్సిందే గదా."

అప్పుడు నాకేం పూనిందో చెప్పలేను. "ఇది చెడిపోయింది!" అని అరిచి, ఆ ప్రింటును అడ్డంగా చింపాను, నిలువుగా చింపాను. మందపాటి కాగితం, చింపుతుంటే పెద్ద చప్పుడు వచ్చింది. ముక్కలు నేల మీద పడ్డాయి. ఆమె పక్షాన గొప్ప న్యాయం చేసినట్టు రొప్పుతూ నిలబడ్డాను.

అతను చెప్పులు విడిచిన కాళ్ళతో నేల మీద కూర్చున్నాడు. కన్ను ఉన్న ముక్క, నోరు ఉన్న ముక్క, టువాలు ముక్క ఏరుకున్నాడు. ఒకటి బల్ల కిందికి పోయింది. దాని కోసం నేలకు వంగి, చెయ్యి లోపలికి చాచి, దుమ్ముతో సహా బయటికి లాగి, చొక్కా అంచుకు తుడిచాడు. నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి, మాయన్న గదన్నా అని, జేబులో పెట్టుకుని, వదిన ఎదురుచూస్తున్న ఆటో ఎక్కాడు.